మరిగించిన ఇసుక

ఫాల్గుణ పౌర్ణమి

తొట్టి ఉన్న ప్రతి ఇల్లూ దినచర్య రాయాలని పగడాల దిబ్బ సంఘం వాళ్ల నియమం. నీళ్ల వేడి, పగడం రంగు, తొట్టిలో ఏది చచ్చింది, ఏది పుట్టింది, ఇంతవరకు రాస్తే చాలట. అదీ రోజూ అక్కర్లేదు, ఏదైనా మార్పు కనిపించినప్పుడేనట. నాకు నోరు కట్టుకుని రాయడం చేతకాదు. ఓపిక ఉన్నవాళ్లు చదువుకుంటారు, లేనివాళ్లు మొదటి వరస చూసుకుని మూసేస్తారు.

వేడి ఇరవై ఏడు. రంగు, మంచి తేనె రంగు.

ఈ రోజు మా ఇంటికి పగడం వచ్చింది! పెళ్లయి, సముద్రం మీద తెప్పల మీదే ఇళ్లు కట్టుకున్న ఈ తెప్పలపాలెం వచ్చిన ఇన్నేళ్లకు మా వంతు వచ్చింది. పొద్దున్నే ఈత మనుషులు దిబ్బ మీదికి దిగి, ఒక్కో పగడాన్నీ దాని గుంటలోంచి తీసి, వెడల్పు మూతి బిందెల్లో పెట్టి పడవల మీద తెచ్చారు. వేసవిలో సముద్రం కాగిపోతుంది. ఆ వేడికి దిబ్బ మీద ఒక్కటీ మిగలదని ఫాల్గుణంలో ఇళ్లకు తెచ్చుకుని, కార్తీకంలో మళ్లీ పంపిస్తాం. పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్లకు చేసినట్టే అన్నీ చేస్తారు. బిందెకు పసుపు రాస్తారు, గుమ్మంలో దిష్టి తీస్తారు. మా ఆయన గవరయ్య బిందె ఎత్తుకుని లోపలికి వస్తూ, "తప్పుకో తప్పుకో, పిల్లొచ్చీసింది," అన్నాడు. ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొమ్ములు కొమ్ములుగా విచ్చుకున్న పగడం. రెండు చేతులూ చుట్టి ఎత్తుకునేంత ఉంది. మా వరస తెప్పలకు ఎదురుగా దిబ్బ మీద దీని గుంట ఉంది. కార్తీకంలో ఇది తిరిగి వెళ్లి అందులో కూర్చోకపోతే ఆ సందులోంచి అల తిన్నగా వచ్చి మా వరసను కొడుతుంది. పోయినేడు అలా సందు పడ్డ చివరి వరసలో ఒక వంటిల్లు కట్లు తెంచుకుని కొట్టుకుపోయింది. కాబట్టి పిల్ల క్షేమం ఒక్క మా ఇంటి సంగతి కాదు.

నా సంగతి కూడా ఒకటి ఉంది, రాసేస్తాను. నేను పార్వతీపురం వైపు మెట్టలో పుట్టాను. ఇక్కడ ఇప్పటికీ నా పేరు 'మెట్ట మనిషి'. ఈ పిల్లను కార్తీకంలో నిండుగా పంపించానంటే ఇక ఎవరూ ఆ మాట అనరు.

సాయంత్రం ఇరుగుపొరుగు ఏడు ఇళ్ల వాళ్లూ వచ్చారు. కొత్తగా తొట్టి పెట్టుకున్న ఇంటికి తలా గుప్పెడు ఇసుక తమ తొట్టిలోంచి తెచ్చి ఇవ్వడం ఇక్కడి ఆచారం. చుట్టపు ఇసుక అంటారు. పక్క తెప్ప పైడమ్మ ఆకులో దోసిలి నిండా తెచ్చింది. నల్లగా ఉంది, అందులో ఏదో కదులుతోంది. ఇసుకను చేత్తో పళ్లెంలోకి తోసి, ఆ చేతిని నేరుగా మా తొట్టి నీళ్లలో పెట్టి కడిగేసుకుంది.

"వొదినా, బకెట్టులో నీళ్లున్నాయి కదా," అన్నాను.

"ఇందులోవి ఇందులోనే ఉండాల. మా అత్తా ఇలగే సేసేది," అంది. నా మొహం చూసి కాస్త మూతి విరిచింది కూడా.

నేను పనిచేసేది మంచినీళ్ల మరలో. పొద్దున్నించి సాయంత్రం దాకా సముద్రపు నీళ్లలోంచి ఉప్పూ మురికీ తీసి పాలెం తాగే నీళ్లు చేయడమే నా పని. నీళ్లంటే అవతలివైపు కనిపించాలి. అందరూ వెళ్లాక పళ్లెంలో ఇసుకంతా పెద్ద డేగిశాలో పోసి, మంచినీళ్లు పోసి, తెర్లేదాకా మరిగించాను. వచ్చిన వాసన ఏం చెప్పను! తెల్లగా తేలేదాకా కడిగి, తొట్టిలో పరిచాను.

పైడమ్మ తెచ్చినదాంట్లో కొంచెం ఆకుకు అంటుకుని మిగిలింది. గవరయ్య దాన్ని పారబోయబోయి ఆగాడు.

"బతికే ఉన్నాదే ఇది," అన్నాడు పురుగును చూసి.

వెనక వసారాలో ఆయన పాత టబ్బు ఒకటి ఉంది. తొట్టిని చల్లబరిచే గొట్టం దాని మీదుగా పోతుంది కాబట్టి నీళ్లు చల్లగా ఉంటాయి. వలల్లో పడ్డ బుల్లి రొయ్యలూ నత్తలూ, పారేయడానికి మనసొప్పనివన్నీ అందులో వేస్తాడు. ఆకుతో సహా అందులో పడేశాడు. ఆ టబ్బు వైపు నేను చూడను. చూస్తే కడగాలనిపిస్తుంది.

చైత్ర శుద్ధ చవితి

వేడి ఇరవై ఏడు. రంగు తేనె రంగు.

పిల్ల తొట్టిలో బాగా కుదురుకుంది. తెప్ప ఊగినా నీళ్లు తొణకకుండా తొట్టిని ఉయ్యాల బల్ల మీద పెట్టాం. బయటి నీళ్లు పోయకూడదు, కార్తీకం దాకా ఇవే నీళ్లు. రెండు నీలం చేపలున్నాయి, వాటికి మాత్రం పొద్దున చిటికెడు మేత. పగడానికి విడిగా ఏమీ పెట్టకూడదు. తొట్టిలో ఏది దొరికితే అది తిని బతకడం రావాలి, రేపు సముద్రంలో ఎవరు పెడతారు? ఇవీ నియమాలు.

నీళ్లు శుభ్రం చేయకూడదని మాత్రం నియమం ఏదీ లేదు. మరలో పాతబడిన జల్లెడ గొట్టం ఒకటి అడిగి తెచ్చుకున్నాను. తాగే నీళ్లకు పనికిరాదు గానీ తొట్టికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. బిగించిన మర్నాటికే నీళ్లు ఎలా అయ్యాయంటే, చేపలు గాల్లో వేలాడుతున్నట్టున్నాయి! చేప విసర్జించింది కింద పడేలోపే గొట్టం లాగేస్తుంది.

వరసలో అందరూ వచ్చి చూసి వెళ్లారు. నాకు ఒంట్లో గర్వం ఆగలేదు, ఎందుకు దాచాలి? పైడమ్మ తొట్టి కూడా చూసి వచ్చాను. అద్దానికి ఆకుపచ్చ పాచి, అడుగున నల్ల ఇసుక, నీళ్లు పల్చటి చింతపండు పులుసు. "పోపు ఒక్కటే తక్కువ," అన్నాను బయటికొచ్చాక, నలుగురి ముందు. అందరూ నవ్వారు. ఆ మాట పైడమ్మకు చేరకుండా ఉంటుందా, సాయంత్రానికే చేరింది.

చైత్ర బహుళ సప్తమి

వేడి ఇరవై ఎనిమిది. రంగు తేనె రంగే, కొసలు కొంచెం లేతగా ఉన్నాయి.

బ్రష్షుతో తొట్టి అద్దం రుద్దుతుంటే తెప్ప ఊగి, నా మోచెయ్యి తగిలి వేలెడు కొమ్ము ఒకటి విరిగింది. నా ప్రాణం విలవిల్లాడింది. గవరయ్య పరిగెత్తుకొచ్చాడు.

"ఇలగియ్యి. నా టబ్బులో వొగ్గేత్తాను."

"ఆ మురికిలోనా!"

"పారీడం కన్నా నయమే కదేటి."

ఆయన పనికి వెళ్లే తొందరలో ఉన్నాడు. తెప్పల కట్లు బిగించే మనిషి, పోటు వచ్చేలోపు వెళ్లాలి. వాదించే ఓపిక లేక ఇచ్చేశాను.

వైశాఖ శుద్ధ ద్వాదశి

వేడి ఇరవై ఏడు. రంగు, పాలు ఎక్కువైన టీ రంగు.

పోయిన వారం కొసలే పాలిపోయాయి, ఇప్పుడు కొమ్ముల సగం దాకా దిగింది. ఏదో మురికి తగులుతోందనే నా అనుమానం. రెండో జల్లెడ గొట్టం కూడా తెచ్చి బిగించాను. ఇసుక పైపొర తీసి మళ్లీ కడిగాను. పొద్దున ఒకసారి, మర నుంచి వచ్చాక ఒకసారి అద్దాలు తుడుస్తున్నాను.

"దానికి ఊపిరాడనిస్తావా?" అన్నాడు గవరయ్య.

నాకు ఒళ్లు మండింది. "మీ అమ్మ ఉంటే ఇంకా శుభ్రంగా చేసేది," అన్నాను. ఆవిడ చేసేది కాదని ఇద్దరికీ తెలుసు.

వైశాఖ బహుళ దశమి

వేడి ఇరవై ఎనిమిది. రంగు, రాయాలనిపించడం లేదు. పాల రంగు.

బయట సముద్రం ఉడుకుతోంది. దిబ్బ మీదికి పడవలు కూడా పోవడం లేదు. సంఘం నుంచి కరుణశ్రీ అనే అమ్మాయి వచ్చింది. తొట్టి నీళ్లు చిన్న సీసాలో పట్టి, ఏదో కలిపి, వెలుగుకు పెట్టి చాలాసేపు చూసింది.

"పిన్నీ, ఈ నీళ్లలో అసలేమీ లేదు."

"మరి! రెండు గొట్టాలు పెట్టాను," అన్నాను.

పొగిడిందనుకున్నాను. ఆ అమ్మాయి సీసాను మళ్లీ వెలుగుకు పెట్టింది. తనకూ ఇలాంటిది కొత్తేనట. ఇన్నాళ్లూ నీళ్లు మురికెక్కువై పాడైన తొట్లే చూసిందట. వెలుగు ఎక్కువై ఉండొచ్చని పైన ఒక బట్ట కట్టి వెళ్లింది. వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పింది.

"జ్యేష్ఠ పున్నమికి మళ్లీ వస్తాను. అప్పటికీ తేరుకోకపోతే వేరే ఇంటికి మార్చేస్తాం పిన్నీ. ఏమీ అనుకోకండి, వరసంతా దీని మీదే ఉంది కదా."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? అన్నం సహించలేదు. చుట్టుపక్కల తొట్టి ఖాళీగా ఉన్న ఇల్లు పైడమ్మ చెల్లెలిది. అంటే మా పిల్ల ఆ పులుసు తొట్టి చుట్టాల ఇంటికి పోతుంది!

జ్యేష్ఠ శుద్ధ షష్ఠి

వేడి ఇరవై ఏడు. రంగు తెలుపు. ఎముక తెలుపు.

చేపలు కూడా చిక్కిపోయాయి. ఇవాళ మరకు వెళ్లలేదు. చేసేదేమీ తోచక, వెనక వసారాలో తడిగుడ్డలు ఆరేద్దామని వెళ్లాను. టబ్బు దగ్గర కాలు జారి, పట్టుకోసం దాని అంచు మీద చెయ్యి వేశాను. అప్పుడు చూశాను.

విరిగిన కొమ్ము. చైత్రంలో నా చేతుల్లో విరిగిన ఆ వేలెడు కొమ్ము, మురికి ఇసుకలో నిలబడి ఉంది. ముదురు తేనె రంగు. పక్కనించి కొత్తగా మూడు మొటిమలు కూడా వేసింది!

ఆరేయాల్సిన గుడ్డలు అక్కడే పడేసి గవరయ్యను కేకేశాను. మధ్యాహ్నం భోజనానికి వచ్చి ఉన్నాడు, చేతిలో ముద్దతోనే వచ్చాడు.

"ఇందులో ఏం పోశావు? నిజం చెప్పు."

"నానేటి పోత్తాను?"

"ఏదో చేశావు."

"ఏటీ సెయ్యలేదే! ఆ ముక్క ఏసీసిన కాడ్నించి ఇటేపు సూణ్ణేలేదు."

అబద్ధం ఆడే మనిషి కాదు. పైగా బద్ధకం ఆయనకు పుట్టుకతో వచ్చింది. నిజంగా ఏమీ చేయలేదు.

ఆయన పనికి వెళ్లిపోయాక పీట వేసుకుని టబ్బు పక్కన కూర్చున్నాను. చూడగా చూడగా మురికి అనుకున్నది విడివిడిగా కనిపించడం మొదలుపెట్టింది. టబ్బు గోడ మీది పాచిని రెండు నత్తలు మేస్తున్నాయి. నత్త వెనక పడ్డ పెంటను, ఇసుకలోంచి తల బయటపెట్టి ఒక పురుగు లాక్కుపోయింది. పైడమ్మ పురుగే అనుకుంటాను, లేదా దాని పిల్ల. అది కదిలిన చోట ఇసుకలోంచి ఆవగింజలో పావు వంతు కూడా లేని జీవాలు నాలుగైదు లేచి ఈదుకుంటూ పోయాయి. కొమ్ము మీద చిన్న చిన్న నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. రెండు జీవాలు ఆ నోళ్లకు చిక్కి లోపలికి పోయాయి. ఒక రొయ్య వచ్చి మిగిలినవాటిని ఏరుకుంది. అక్కడ ఎవరూ ఏదీ పారేయడం లేదు. ఒకరు వదిలింది ఇంకొకరి కంచంలో పడుతోంది.

పగడానికి ఆ తేనె రంగు దాని సొంతం కాదని, దాని ఒంట్లో కాపురముండే పాచిదని, ఆ పాచి వండి పెడితేనే పగడం తింటుందని సంఘం వాళ్లు మొదటి రోజే చెప్పారు. పాచి అన్న మాట వినగానే నేను చెవులు మూసుకున్నాను. పాచి అంటే పైరే కదా! పైరుకు ఎరువు వద్దా? మా నాన్న ఏటా తొలకరికి ముందు పెంటకుప్ప తవ్వి బండ్ల మీద చేలోకి తోలేవాడు. ఆ బండి వెనక తట్ట పట్టుకుని నడిచినదాన్ని నేను. మెట్టలో పుట్టిన నాకు తెలియాల్సింది ఇదొక్కటే. పాలెంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి. చేపలు వేసిన ఎరువంతా రెండు గొట్టాలు పెట్టి బయటికి తోడి పారబోసి, పైరు పాలిపోయిందని ఏడుస్తున్నాను.

ఇసుక సంగతి అప్పుడు గుర్తొచ్చింది. డేగిశా, ఆ వాసన. ఏడు ఇళ్ల వాళ్లు ఇచ్చిన పనివాళ్లందరినీ మొదటి రోజే ఉడకబెట్టేశాను.

చాలాసేపు ఏడ్చాను. తర్వాత లేచి వెళ్లి రెండు గొట్టాలూ పీకేశాను.

జ్యేష్ఠ శుద్ధ సప్తమి

రంగు నిన్నటిదే.

టబ్బులో ఉన్న ఇసుక గుప్పెడే. తొట్టికి ఏ మూలకూ చాలదు. పైడమ్మ దగ్గరికి వెళ్లక తప్పదు. గిన్నె పట్టుకుని తెప్ప దాటాను. పోపు మాట అన్నప్పటినుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

వలకు ముడి వేస్తూ కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

"ఏటి, మెట్ట మనిసి ఇలగొచ్చింది? పోపు తెచ్చినావా?"

"వొదినా, నీ ఇసుక కావాలి."

"ఇచ్చినాను కదేటి, పిల్లొచ్చిన పున్నానికి."

"దాన్ని మరిగించేశాను."

వల చేతిలోంచి జారింది. "ఏటి సేసినావు?"

"డేగిశాలో పోసి. తెర్లేదాకా."

ఆవిడ నా మొహం కేసి చూసింది, చూసింది, ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఓలమ్మో! పురుగుల పులుసెట్టీసినావా? నా తొట్టి పులుసన్నావు, నువ్వు నిజంగానే పులుసెట్టీసినావే!" నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "మరిగే పాలల్లో తోడేత్తే పెరుగవుద్దేటే?"

"అవదు."

"మరి ఆ మాత్రం తెలవదా?"

"ఇసుకకు ప్రాణం ఉంటుందని తెలియలేదు వొదినా. పిల్ల తెల్లబడిపోయింది. పున్నమికి తీసుకుపోతారట." గిన్నె ముందుకు చాపాను. "నీ తొట్టిని అన్న మాట తప్పే. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ చెప్తాను."

పైడమ్మ నవ్వు ఆపింది. నా చేతిలో గిన్నె లాక్కుని, దాన్ని పక్కన పెట్టి, తన అన్నం వార్చే పెద్ద గిన్నె తీసింది. మోచేతుల దాకా తొట్టిలో పెట్టి నల్ల ఇసుక తోడింది. పైన నాలుగు నత్తలు, పాచి పట్టిన రాయి ఒకటి, పిండితే బురద కారే స్పంజి ముక్క ఒకటి.

"ఈ తొట్టి ఎలగ నడుత్తాదో నాకూ తెలవదు వొదినా," అంది. "మా అత్త ఒగ్గీమన్నాది, నానొగ్గీసినాను. అంతే."

తర్వాత బయటికి వచ్చి వరసంతా వినపడేలా కేకేసింది. నేను మరిగించిన సంగతి దాచమని అడగలేదు, అడిగినా దాచేది కాదు. సాయంత్రానికి ఏడు ఇళ్ల వాళ్లూ మళ్లీ ఆకుల్లో ఇసుకతో వచ్చారు. ఒక్కొక్కరూ నవ్వారు, ఒక్కొక్కరూ 'మెట్ట మనిషి' అన్నారు. తొట్టిలో ఇసుక వేసి అందులోనే చేతులు కడుక్కున్నారు. పోపు మాట తప్పేనని అందరి ముందూ చెప్పాను, బకెట్టు మాట మాత్రం ఎత్తలేదు.

జ్యేష్ఠ పౌర్ణమి

వేడి ఇరవై ఎనిమిది. రంగు తెలుపు.

కరుణశ్రీ వచ్చింది. మార్పు ఏమీ లేదు. టబ్బు దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కొమ్ము చూపించాను, జరిగిందంతా చెప్పాను. టబ్బు నీళ్లూ తొట్టి నీళ్లూ రెండు సీసాల్లో పట్టి పక్కపక్కన పెట్టి చూసుకుంది.

"పిన్నీ, నేను బట్ట కట్టానే!" అని తల పట్టుకుంది. పాపం, ఎంత సిగ్గుపడిందో. బట్ట తనే విప్పేసింది. "నోళ్లు ఇంకా తెరుస్తోంది కాబట్టి ప్రాణం ఉంది. శ్రావణం దాకా ఆగుతాను. కానీ ఇప్పుడు తొందరపడి మేత గుమ్మరించకండి. ఒక్కసారిగా ఎక్కువైనా చస్తుంది. దాని దారిన దాన్ని పోనివ్వండి."

అంటే నేను చేయాల్సింది ఏమీ చేయకపోవడం. ఇంతకన్నా కష్టమైన పని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

వేడి ఇరవై ఏడు. రంగు తెలుపే. తొట్టి రంగు అడక్కండి.

అద్దం మీద గోధుమరంగు జిగురు పట్టింది. రాళ్ల మీద జుట్టులాగా పాచి లేచింది. నీళ్లు మసకగా ఉన్నాయి. బ్రష్షు ఎక్కడుందో వెతికాను, కనిపించలేదు. గవరయ్యే దాచేశాడు. అడిగితే ఒప్పుకోడు.

చేతులు ఊరుకోక మరలో పని రెండు రెట్లు ఎక్కువ చేస్తున్నాను. అక్కడ గొట్టాలన్నీ తళతళలాడుతున్నాయి. ఇంట్లో గిన్నెలు తోమిందే తోముతున్నాను. తొట్టి గది దాటేటప్పుడు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటున్నాను. గవరయ్య నన్ను చూసి నవ్వుతాడు. నవ్వనీ.

ఆషాఢ బహుళ తదియ

రంగు తెలుపు.

ఇవాళ తట్టుకోలేక చీర చెంగుతోనే అద్దం తుడిచేద్దామని వెళ్లాను. చెయ్యి ఎత్తి ఆగిపోయాను. జిగురు మధ్యలో శుభ్రమైన దారి ఒకటి, వంకరటింకరగా. దారి చివర పైడమ్మ నత్త. అది మేసుకుంటూ పోయిన చోటల్లా అద్దం నేను తుడిచినదానికంటే శుభ్రంగా ఉంది. పని దానిది. నేను తుడిచేస్తే దాని అన్నం తీసేసినట్టే.

చెంగు దోపుకుని దాన్ని చూస్తూ కూర్చున్నాను. మొదటిసారి ఆ గదిలో నాకు హాయిగా అనిపించింది.

శ్రావణ శుద్ధ అష్టమి

వేడి ఇరవై ఏడు. రంగు, మొదళ్ల దగ్గర లేత గోధుమ!

గవరయ్య ముందు చూశాడు. నేను నమ్మలేదు, దీపం పెట్టి చూశాను, పైడమ్మను పిలిచి చూపించాను. నిజమే. జుట్టు పాచి కూడా తగ్గింది. నత్తలు గుడ్లు పెట్టాయి. ఇసుక పొరల్లో పురుగులు తవ్విన సన్నటి దారులు అద్దంలోంచి కనిపిస్తున్నాయి. చేపలు బొద్దుగా అయ్యాయి, ఎందుకంటే అవి పొద్దున చిటికెడు మేతతో ఆగకుండా రోజంతా ఇసుకలోంచి లేచే చుక్కంత జీవాల్ని వేటాడుతున్నాయి.

గవరయ్యకు పాయసం చేసి పెట్టాను. ఎందుకని అడిగాడు.

"బద్ధకానికి," అన్నాను.

భాద్రపద బహుళ విదియ

వేడి ఇరవై ఆరు. రంగు టీ రంగు, కింద నుంచి పైకి ఎక్కుతోంది.

ఎడమవైపు కొమ్ములు అయిదు మాత్రం తిరిగి రాలేదు. వాటి మీద పాచి పట్టింది, అంటే చచ్చినట్టే. అవి నా చేతుల మీదుగా పోయాయి, ఆ బాధ ఉంటుంది. కరుణశ్రీ వచ్చి చూసి, పిల్లను ఇక కదపనక్కర్లేదంది. "టబ్బులో కొమ్మును ఆ చచ్చిన చోట కట్టెయ్యండి పిన్నీ, అతుక్కుంటుంది," అని దారం కూడా ఇచ్చింది. కట్టు గవరయ్యే వేశాడు, తెప్పలకు వేసే ముడే. ఊడదు.

కార్తీక పౌర్ణమి

వేడి ఇరవై ఆరు.

ఇవాళ పిల్లను పంపించాం. ఈత మనుషులు బిందెలోకి ఎత్తుతుంటే గవరయ్య ఆ గదిలో ఉండలేక బయటికి వెళ్లి కట్లు చూస్తున్నట్టు నటించాడు. తేనె రంగు, మొదటి రోజుకంటే ముదురు. ఎడమవైపు అతికిన కొమ్ము కూడా కొత్త పిలకలు వేసింది. బిందెకు పసుపు రాసి, పడవలో నేనూ పైడమ్మా వెళ్లాం. గుంటలో కూర్చోబెట్టారని కింద నుంచి తాడు లాగి చెప్పగానే పైడమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"కూసుంది మెట్ట మనిసి పిల్ల!" అని అరిచింది. అన్ని పడవల్లో వాళ్లూ నవ్వారు. ఆ పేరు ఇక పోదని నాకు అప్పుడు తెలిసింది. పోకపోతే పోనీ అనిపించింది కూడా.

సాయంత్రం నాలుగో వరస నుంచి కొత్త కోడలు హేమసుందరి వచ్చింది. చోడవరం పిల్ల, నాలాగే మెట్ట. వచ్చే ఫాల్గుణంలో వాళ్ల వంతట. ఇసుకను ఇప్పటినుంచే కుదర్చమన్నారట.

"పెద్దమ్మా, మీ ఇసక గట్టిదంటన్నారందరూ. కొంచెం ఇత్తారా?"

తోమి తోమి తళతళలాడే గిన్నె తెచ్చింది. నాకు నవ్వొచ్చింది, దాచుకున్నాను. తొట్టిలో చెయ్యి పెట్టి అడుగు దాకా తోడి, నల్లటి ఇసుక గిన్నె నిండా వేశాను. ఒక పురుగు గిన్నె అంచు మీదికి ఎక్కింది. ఆ పిల్ల గిన్నెను ఒంటికి కాస్త దూరంగా పట్టుకుంది.

"మరిగించకేం," అన్నాను.

"లేదు పెద్దమ్మా," అంది. కానీ కళ్లు నా చేతి మీదే ఉన్నాయి, ముక్కు ముడుచుకుని. ఎందుకలా చూస్తోందా అని కిందికి చూసుకున్నాను. ఇసుక అంటిన నా చెయ్యి తొట్టి నీళ్లలోనే ఉంది. వేళ్లు విడదీసి, గోళ్ల సందులు కూడా శుభ్రంగా కడుక్కుంటున్నాను. పక్కనే నీళ్ల బకెట్టు ఉంది.

గుమ్మంలో గవరయ్య ఒకటే నవ్వు.

రంగు రాయడానికి ఇవాళ తొట్టిలో పగడం లేదు. ఇసుక ఉంది. అందులో అందరూ ఉన్నారు.